మందు కొట్టి వచ్చాడు

తెర మీద ఒక తాగుబోతు ట్రాక్టరెక్కబోతుంటే హాలంతా ఈలలు. వాడు ఒక కాలు పైకి పెట్టి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో మరిచిపోయి, స్టీరింగుని కౌగిలించుకుని, "మందు కొట్టి వచ్చా, కొంచెం ఓర్చుకోవే!" అని దాన్ని బతిమాలాడు. గుంటూరు జనం సీట్లలోంచి లేచి మరీ నవ్వారు. సుబ్బరావమ్మ కూడా నవ్వింది. అబద్ధమెందుకు, ఆ నటుడెవరో గాని బాగానే చేశాడు. పక్కన వరసగా కూర్చున్న ఆమె కూలి ముఠా ఆడవాళ్ళు కూడా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. సినిమా అన్నాక ఒక తాగుబోతు ఉండాలి కాబట్టి పెట్టారనుకున్నారు అందరూ.

మిరపకోతల ఆడవాళ్ళు పాట పాడుకుంటూ వాడి ట్రాక్టరు వెనక ట్రక్కు ఎక్కేదాకా వాడెవడో ఆమెకి తట్టలేదు. ఆ ట్రక్కు తనెక్కిన ట్రక్కు. వాళ్ళని ఎక్కిస్తున్న ఆ నీలం చీర మేస్త్రి తనే. అంటే ఆ తాగుబోతు, తమ ట్రాక్టరు తోలిన యలమంద. తను ఇంతసేపూ పళ్ళికిలించింది యలమందని చూసి.

అది పన్నెండేళ్ళ కిందటి మాట. ఊళ్ళో ఆడవాళ్ళని పోగేసి మిరపకోతలకి తీసుకెళ్ళడం సుబ్బరావమ్మ పని. ఆ రోజు తనతో కలిపి పదమూడు మంది ఆడవాళ్ళు, యలమంద ట్రాక్టరు. ప్రత్తిపాడు అవతల కాలవ కట్ట మీద పోతుంటే ఎదురుగా మిరపకాయ టిక్కీ బస్తాల లారీ వచ్చింది. దారిద్దామని యలమంద అంచుకి తీశాడు. కట్ట విరిగింది, ట్రక్కు కాలవలో తిరగబడింది. యలమంద చొక్కా అయినా విప్పకుండా దూకాడు. తొమ్మిదిసార్లు మునిగి తొమ్మిది మందిని బయటికి లాగాడు. తొమ్మిదో మనిషి సుబ్బరావమ్మ. ఒడ్డున పడి నీళ్ళు కక్కుతూనే ఆమె తన మనుషుల్ని చూసుకుని, "ఇంకా నలుగురున్నార్రా లోపల!" అని అరిచింది. యలమంద ఆమె వంక ఒకసారి చూసి పదోసారి మునిగాడు. మళ్ళీ తేలలేదు.

అతను చుక్క ముట్టే మనిషి కాదు. తండ్రి తాగి తాగి పోతే ఆ చావింట్లోనే ఒట్టేసుకున్నాడు. పెళ్ళిళ్ళలో సోడా ఇచ్చినా వాసన చూసి గాని తాగడని ఊరంతా ఆటపట్టించేది.

రెండో సగంలో, ఇందాక ఈలలేసిన జనమే ఏడవడం మొదలుపెట్టారు. చన్నీళ్ళు తగలగానే తెర మీద తాగుబోతుకి మత్తు దిగింది, మనసు మారింది, వయొలిన్లు మోగాయి. మునిగిన ప్రతిసారీ వాడికి ఒక పాపం గుర్తొస్తుంది. ఒకసారి పెళ్ళాన్ని కొట్టింది, ఒకసారి కూతురి పలక పగలగొట్టింది. పాపానికొకరు చొప్పున ఆడవాళ్ళని బయటికి మోసుకొస్తాడు. సుబ్బరావమ్మ ముందు సీట్లో ఒక పిల్ల ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో ఫోనెత్తి తన ఏడుపుని తనే వీడియో తీసుకుంటోంది. మొదటిసారి సరిగ్గా రాలేదేమో, ఆపి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఏడ్చింది. పక్కన దాని స్నేహితురాలు పాప్‌కార్న్ డబ్బా అడ్డం రాకుండా పక్కకి పట్టుకుంది. ఆ నీళ్ళలో చచ్చిన మనుషుల్ని ఒడ్డున వరసగా పడుకోబెట్టిన మనిషి సుబ్బరావమ్మ. ఆ ఏడుపు చూస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు.

చివర్లో నల్లటి తెర మీద 'యథార్థ సంఘటన ఆధారంగా' అని పడింది. దాని వెనకే యలమంద ఫొటో. అతని భార్య లక్ష్మీదుర్గ సినిమావాళ్ళని నమ్మి ఇచ్చిన పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించిన మొహం. పాత్రకి వేరే పేరు పెట్టాం అనే సాకు కూడా ఇక మిగల్లేదు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

బయట గేటు దగ్గర మైకులు పట్టుకుని పదిమంది కాచుకుని ఉన్నారు. వచ్చినవాళ్ళనల్లా ఆపి ఎలా ఉందని అడగడం, వాళ్ళు చెప్పడం.

"బ్రో, ఏడిపించేశాడు బ్రో. ఫస్టాఫ్ మందు కామెడీ మామూలుగా లేదు. సెకండాఫ్ కర్చీఫ్ తెచ్చుకోండి."

"పల్లెటూళ్ళలో తాగుడు ఎంత నాశనం చేస్తుందో మంచి మెసేజ్ ఇచ్చారండి. ఫ్యామిలీతో చూడొచ్చు."

"త్రీ పాయింట్ ఫైవ్. డ్రైవర్ ఇంకో రెండు సీన్లు తాగుంటే ఫోర్ ఇచ్చేవాణ్ణి."

సుబ్బరావమ్మ తల దించుకుని పోతుంటే వెనక నుంచి తెలిసిన గొంతు వినపడింది. బుల్లయ్య. సినిమావాళ్ళు ఊరికి పంపిన బస్సులో తమతోపాటే వచ్చాడు. యలమంద మూడోసారి మునిగి బయటికి తెచ్చింది ఈ బుల్లయ్య పెళ్ళాన్నే. వాడిప్పుడు తలపాగా సర్దుకుని మైకు ముందు నిలబడ్డాడు.

"మా ఊరోడేనండీ. నేను దగ్గరుండి చూసినోణ్ణి. పొద్దున్నే తాగాడండీ ఆ రోజు. నేను అప్పుడే అనుకున్నా."

"ఒరేయ్ బుల్లయ్యా! ఏందిరా నువ్వు చూసింది? ఆ రోజు నువ్వు కనిగిరిలో మీ బావమరిది ఇంట్లో ఉంటివి గదరా!" అని సుబ్బరావమ్మ కేకేసింది.

బుల్లయ్య ఆమెని పక్కకి లాగి, "ఊరుకో అక్కా, టీవీలో వస్తది," అన్నాడు. వాడి మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు. తన పెళ్ళాం ఊపిరితో ఇంట్లో తిరుగుతోందంటే ఎవడి పుణ్యమో తెలిసినవాడు, అర నిమిషం ఫోనులో కనపడటానికి వాణ్ణే అమ్మేశాడు.

వారం తిరక్కుండా ఊరు ఊరంతా బుల్లయ్యలయ్యారు. తెలియనివాళ్ళంటే పోనీలే అనుకోవచ్చు. వీళ్ళు యలమంద పాడె మోసినవాళ్ళు. "ఏమో, చాటుగా వేసేవాడేమో. అంత పెద్ద సినిమావాళ్ళు ఎంక్వయిరీ చేయకుండా తీస్తారా?" అని టీ కొట్టు దగ్గర మొదలై, "తాగకపోతే ట్రక్కు ఎందుకు పడుద్ది?" అనే దాకా వచ్చింది. కళ్ళారా చూసిన మనిషికంటే తెర మీద చూసిన మనిషే వాళ్ళకి నిజమైపోయాడు.

లక్ష్మీదుర్గ సినిమాకి రాలేదు. "నేను చూసిందే చాలు వదినా," అంది బస్సొచ్చిన రోజున. తర్వాత చెవిన పడ్డ మాటలకి ఎవరితోనూ పోట్లాడలేదు. పనికి పోయేది, వచ్చేది. గోడ మీద భర్త ఫొటో మాత్రం తీసి బీరువాలో పెట్టింది. వచ్చిపోయేవాళ్ళు దాని వంక చూసే చూపు ఆమెకి నచ్చలేదు.

కూతురు తేజశ్రీ చిన్నప్పటినుంచీ గుంటూరు హాస్టళ్ళలోనే. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. రెండో శనివారం ఇంటికొచ్చి, సంచి గడపలో పడేసి, తిన్నగా సుబ్బరావమ్మ ఉన్న కళ్ళంలోకి నడిచొచ్చింది. సుబ్బరావమ్మ ఎండబెట్టిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది.

"అత్తా, మా నాన్న తాగేవాడని నాకెందుకు చెప్పలేదు?"

"తాగేవాడు కాదే. నీ మీద ఒట్టు."

"అమ్మదీ నీదీ ఒకటే పాట. నాకు గుర్తుంది."

"ఏం గుర్తుంది? నీకప్పుడు అయిదేళ్ళు."

తేజశ్రీ ఎదురుగా గొంతుక్కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది. "ఒక్కటే గుర్తుంది. ఇంటికొచ్చేవాడు. నేను పరిగెత్తుకుంటా పోయేదాన్ని. దగ్గరికి రాబాక, రాబాక అని చెయ్యి అడ్డం పెట్టి నెట్టేసేవాడు. ఒళ్ళంతా వాసన. ముక్కు మండేది. నాకు మొహం గుర్తులేదత్తా, గొంతు గుర్తులేదు. ఆ వాసనొక్కటే. హాస్టల్లో నిద్ర పట్టకపోతే దాన్నే గుర్తు తెచ్చుకుని పడుకునేదాన్ని. మా నాన్న వాసన అనుకునేదాన్ని. మా రూమ్ వాళ్ళకి గొప్పగా చెప్పుకున్నా కూడా. సినిమా చూసొచ్చి వాళ్ళే చెప్పారు, అది తాగినోళ్ళ వాసనంట."

సుబ్బరావమ్మకి ప్రాణం లేచొచ్చింది. "పిచ్చిమొహమా, అది మందు వాసనే!" అంది.

"నేనంటున్నదీ అదేగా," అని తేజశ్రీ లేచి నిలబడింది.

అప్పుడు తెలిసింది సుబ్బరావమ్మకి తన నోటి నుంచి ఏం ఊడిపడిందో. "కాదే, ఆ మందు కాదు. పురుగుమందు. చేలో కొట్టే మందు. కొట్టొచ్చిన ఒంటితో ముట్టుకుంటే పిల్లకి ఏమవుద్దోనని నిన్ను నెట్టేవాడు."

"ఇప్పుడు మాట మారుస్తన్నావు," అంది ఆ పిల్ల. గొంతులో కోపం కూడా లేదు. "పోనీలే అత్తా. నన్ను ఓదార్చబాక."

ఆ పిల్ల వెళ్ళిపోయాక తాలుకాయలు, మంచికాయలు సుబ్బరావమ్మ చేతుల్లో కలిసిపోయాయి. నిరుడు సినిమా డైరెక్టర్ సాయికౌశిక్ వచ్చి, ఆమె మంచం మీద రెండు రోజులు కూర్చుని, మజ్జిగ తాగుతూ, ఫోనులో అంతా రికార్డు చేసుకెళ్ళాడు. గుంటూరు బ్రాడీపేటలో పుట్టిన కుర్రాడే. 'అమ్మా అమ్మా' అంటూ ఇంటి మనిషిలా కలిసిపోయాడు. ఆ కుర్రాడికి తను ఏం చెప్పింది? ఏ మాటతో చెప్పింది? ఫోను తీసింది.

"చెప్పండమ్మా! కలెక్షన్లు అదుర్స్! అంతా మీ ఆశీర్వాదం," అన్నాడు సాయికౌశిక్.

"బాబూ, యలమంద తాగుతాడని నీకెవరు చెప్పారు?"

"అదేంటమ్మా, మీరేగా! నా దగ్గర ఆడియో ఉంది. ఉండండి, పంపిస్తా."

వచ్చింది. సుబ్బరావమ్మ మిరపకాయల రాశి పక్కన కూర్చుని తన గొంతు తనే వింది.

"...పొద్దున్నే మందు కొట్టి వచ్చాడు బాబూ. దగ్గరికొస్తే వాసన గుప్పుమంటంది. కళ్ళు ఎర్రగా అయిపోయినాయి. తల తిరుగుతందక్కా అన్నాడు. ఖాళీ కడుపుతో అంత కొడతార్రా ఎవరన్నా, పోయి పడుకో, ఇంకో బండి చూసుకుంటాలే అన్నా. లేదక్కా, తీసుకుపోతా అన్నాడు. అట్టాంటి ఒంటితో దూకాడు బాబూ తొమ్మిదిసార్లు..."

ఎంత గొప్ప పని చేశాడో చెప్పాలని చెప్పిన మాటలవి. తామర పురుగు పైబడిందని తెల్లవారకముందే పంపు వీపునేసుకుని, రెండెకరాలు తిరిగి తిరిగి మందు కొట్టి, ముఠా వాళ్ళు ఎదురుచూస్తుంటారని చొక్కా అయినా మార్చుకోకుండా వచ్చిన మనిషి. ఆ మందు ఒంట్లోకి ఎక్కి, నిలబడటానికే ఓపిక లేని మనిషి దూకాడు సుమా అని చెప్పింది. ఇప్పుడు టౌను చెవులతో వింటుంటే ఒక్కొక్క మాటా అడ్డం తిరిగింది. వాసన, ఎర్రకళ్ళు, తల తిరగడం, ఖాళీ కడుపు. ఎక్కడా ఒక్క మాట తప్పు చెప్పలేదు. మొత్తం తప్పే చెప్పింది. ఆ రోజు అరిచి అతన్ని కాలవలోకి పంపింది తనే, ఈ రోజు బురదలోకి తోసిందీ తనే. తన నాలుక మీద తనకే రోత పుట్టింది.

మళ్ళీ ఫోను చేసింది. చేలో కొట్టే మందు బాబూ అని విడమరిచి చెప్పింది.

"అయ్యయ్యో," అన్నాడు సాయికౌశిక్. నిజంగానే అన్నాడు. మరుక్షణంలోనే తేరుకున్నాడు. "కానీ అమ్మా, ఒకటి చెప్పనా? ఆ తాగుడు వల్లే జనం కనెక్టయ్యారు. మంచోడు మంచిపని చేస్తే కథేముందమ్మా? చెడ్డోడు మారాలి. అప్పుడే ఏడుస్తారు."

"వాడి కూతురు ఏడుస్తంది బాబూ."

"ఆదివారం గుంటూరులో సక్సెస్ మీట్ పెట్టాం. మీకు సన్మానం కూడా ఉంది. మీరే స్టేజీ మీద చెప్పేయండి. జనానికి క్లారిటీ వచ్చేస్తుంది."

అదే నమ్ముకుంది సుబ్బరావమ్మ. అంతమంది ముందు మైకులో చెబితే, కెమెరాలు తీస్తే, ఆ పిల్ల అయినా నమ్మకపోతుందా? తెర చెప్పిన అబద్ధాన్ని ఇంకో తెరే కొట్టేయాలి. రానని మొండికేసిన తేజశ్రీని చెయ్యి పట్టుకుని మరీ బస్సెక్కించింది. దారి పొడుగునా మాట కూడబలుక్కుంటూనే ఉంది.

ఫంక్షన్ హాలు పొద్దున పది గంటలకే నిండిపోయింది. తేజశ్రీ చివరి వరసలో, చున్నీ తల మీదుగా కప్పుకుని కూర్చుంది. స్టేజీ మీద సినిమాలో తాగుబోతు వేషం వేసిన నటుడికి దండ వేశారు. వాడు మైకు తీసుకుని ఒక్క ముక్క అన్నాడో లేదో కుర్రాళ్ళు కుర్చీలెక్కారు. తర్వాత సుబ్బరావమ్మని పిలిచి శాలువా కప్పారు. కప్పినవాళ్ళకి శాలువా మీదకంటే కెమెరాల మీదే ఎక్కువ ధ్యాస.

"మన రియల్ లైఫ్ అమ్మ! అమ్మా, ఆ రోజు ఏం జరిగిందో మన ఆడియన్స్‌కి మీ మాటల్లో!" అని యాంకరమ్మాయి మైకు నోటి దగ్గర పెట్టింది.

సుబ్బరావమ్మ గొంతు సవరించుకుంది. "ఆ రోజు యలమంద మందు కొట్టి వచ్చాడని నేను చెప్పింది..."

అంతే. హాలు ఎగిరిపడింది. సినిమాలో ఆ తాగుబోతు ట్రాక్టరెక్కినప్పుడల్లా అనే ముక్క అదే మరి. "మందు కొట్టి వచ్చా! కొంచెం ఓర్చుకోవే!" అని మూడొందల మంది ఒక్క గొంతుతో అరిచారు. నటుడు లేచి రెండు చేతులూ ఊపాడు. సుబ్బరావమ్మ మైకు పట్టుకుని, నవ్వులు ఆగేదాకా నిలబడింది.

"తాగే మందు కాదయ్యా!" అని గట్టిగా అరిచింది. "పురుగుమందు! పురుగుమందు కొట్టాడు!"

హాలు టక్కున సద్దుమణిగింది. యాంకరమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓ మై గాడ్! పురుగుల మందు తాగేశారా అమ్మా? అప్పుల బాధా?"

"అయ్యో," అంది హాలంతా. ముందు వరసలో ఒకావిడ అప్పుడే పర్సులోంచి కర్చీఫ్ తీసింది.

సుబ్బరావమ్మ ఆ మొహాల వంక చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. వీళ్ళకి తెలిసిన రైతులు ఇద్దరే. ఒకడు తాగేవాడు, ఇంకొకడు తాగి చచ్చేవాడు. ఒకడికి ఈల వేస్తారు, ఒకడికి ఏడుస్తారు. పొద్దున్నే లేచి చేనికి మందు కొట్టుకుని, పనికి పోయి, ఇంటికొచ్చి, పిల్లని ముట్టుకోకుండా ముందు స్నానం చేసేవాడు ఒకడుంటాడని వీళ్ళకి తెలియదు. రోజూ పచ్చడిలో, కూరలో ఆ మిరపకాయలే తింటారు గాని తెలియదు.

"తాగలేదమ్మాయ్. కొట్టాడు. మిరప చేనికి," అంది.

"ఓకే ఓకే అమ్మా, సో ఎమోషనల్!" అంటూ యాంకరమ్మాయి కళ్ళు ఒత్తుకుంది. ఎక్కడినుంచో వయొలిన్ పాట మొదలైంది. సాయికౌశిక్ ఇంకో మైకు తీసుకుని, "చూశారా ఈ అమాయకత్వం! ఈ మట్టి మనుషుల నుంచే నా సినిమా పుట్టింది," అన్నాడు. మందంటే ఏ మందో తెలిసి కూడా అన్నాడు ఆ మాట. కంటికెదురుగా ఉండి, ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

సుబ్బరావమ్మ శాలువా తీసి ఉండచుట్టి అతని ఒళ్ళో పడేసింది. మైకులో, "థూ! మీ నవ్వు పాడుగాను, మీ ఏడుపు పాడుగాను!" అంది.

దానికీ చప్పట్లు కొట్టారు.

బస్సులో తేజశ్రీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ప్రత్తిపాడు వచ్చింది. దిగబోయే ముందు ఫోను చూపించింది. అప్పుడే ఎవడో 'అమ్మ రాక్స్, మందు కొట్టాడు' అని పాట కలిపి పెట్టేశాడు. సుబ్బరావమ్మ అరుస్తున్న చోట కోడి కూత పెట్టారు.

"చూశావుగా," అంది తేజశ్రీ. "నువ్వెందుకు ఎక్కావత్తా ఆ స్టేజీ? మా నాన్న తాగితే తాగాడు. ఇంక ఆ మాట ఎత్తబాక."

సుబ్బరావమ్మకి ఉన్న ఒక్క మాటనీ వాళ్ళు ఎంగిలి చేసేశారు. 'మందు' అంటే నవ్వుతారు, 'పురుగుమందు' అంటే ఏడుస్తారు, ఇంకే పేరు పెట్టి చెప్పాలి? నలభై ఏళ్ళుగా ఈ చేలల్లో తిరుగుతున్న మనిషికి, చేలో చేసే పని పేరు పలకడానికి నోరు రాలేదు.

ప్రత్తిపాడులో ఎక్కిన ఆటో ఇద్దర్నీ రోడ్డు మీద దింపేసి పోయింది. అక్కణ్ణించి ఊళ్ళోకి డొంకదారి. ఎండ చల్లబడింది. డొంకకి రెండు పక్కలా మిరప చేలు, మూడో కోతకి వచ్చిన కాయ. ఎడం పక్క చేలో ఏసోబు తైవాన్ పంపు వీపునేసుకుని సాలు వెంట మెల్లగా నడుస్తున్నాడు. ఏసోబు సుబ్బరావమ్మ ముఠాకి కాయలు మోసేవాడు, పని లేని రోజున ఇట్టా కూలికి మందు కొడతాడు. పంపు మోత డొంక మీదికి వినపడుతోంది. గాలి అటునుంచి ఇటు తిరిగింది.

తేజశ్రీ ఆగిపోయింది.

కుళ్ళిన ఉల్లిపాయల్లో కిరసనాయిలు కలిపినట్టుండే వాసన. సుబ్బరావమ్మ దాన్ని పట్టించుకోనైనా లేదు, పుట్టినప్పటినుంచీ పీలుస్తున్నదే. నాలుగడుగులు ముందుకి పోయి వెనక్కి చూస్తే, పిల్ల డొంక మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ముక్కుతో గాలి లాగుతోంది. లాగి, ఆగి, మళ్ళీ లాగుతోంది. తర్వాత చెప్పులు డొంకలోనే వదిలేసి, గట్టు దిగి, మిరప చెట్లు ఒరుసుకుంటున్నా లెక్కచేయకుండా ఏసోబు వైపు పరిగెత్తింది.

ఏసోబు మొహానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి, కంగారుగా పంపు ఆపాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పిల్ల మీదికొచ్చేస్తుంటే అరచెయ్యి అడ్డం పెట్టి వెనక్కి వెనక్కి జరిగాడు.

"రాబాకమ్మా! దగ్గరికి రాబాక! మందు కొట్టున్నా!"

తేజశ్రీ ఆ చెయ్యి ముందే ఆగింది. అతని చేతికీ ఆమెకీ మధ్య ఒక జానెడు ఖాళీ. ఆ చేతిని చూసింది, దాని మీంచి కారుతున్న తడిని చూసింది. పన్నెండేళ్ళ కిందట తనని నెట్టిన చెయ్యి కూడా ఇంత దూరంలోనే ఆగేది. ఒక్కసారి కూడా ఒంటికి తగిలేది కాదు.

"అత్తా!" అని అక్కణ్ణించే అరిచింది. "ఇదే! ఇదే అత్తా!"

అని, ఆ సాలులోనే కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు. ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు. ఎక్కిళ్ళ మధ్య గాలి లాగినప్పుడల్లా ఆ వాసన గుండెల నిండా లాగుతోంది.

సుబ్బరావమ్మ గట్టు దిగింది. పిల్ల తల మీద చెయ్యి వేసింది గాని లేవమనలేదు.

ఏసోబు హడలిపోయి నిలబడ్డాడు. "ఏందక్కా, పిల్లేంది అట్టా ఏడుస్తంది? నేనేమీ అన్లేదే!"

"మందు ఘాటురా, ఇంకేం లేదు," అంది సుబ్బరావమ్మ.

ఏ మందని ఏసోబు అడగలేదు. గాలి వాలు చూసుకుని, పంపు మోసుకుని చేను అవతలి కొసకి పోయాడు.